డీజిలా, పెట్రోలా? ముందు ట్రేలు లెక్కపెడదాం

(ఉమ్మడిగా సరుకు బండి కొనే విషయమై చేవెళ్ల ప్రాంత కూరగాయల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. లెక్కలన్నీ 2025 చివరి ధరలతో వేసినవి.)



పన్నెండు మంది కలిసి ఒక సరుకు బండి కొనుక్కోవాలని పోయిన నెల అనుకున్నాం. కొనాలా వద్దా అన్నదాని మీద మనకు పంచాయితీ లేదు. పంచాయితీ అంతా డీజిలు బండా, పెట్రోలు బండా అన్నదాని మీదనే. పెద్దవాళ్లు డీజిలు తప్ప ఇంకో మాట ఎత్తనివ్వడం లేదు. షోరూముకు పోయి వచ్చిన పిల్లలు పెట్రోలు బండి లక్ష తక్కువకు వస్తుందంటున్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఇద్దరూ కాగితం మీద లెక్క వేయలేదు. నేను చదివింది పదో తరగతి వరకే గానీ కూడికలు, భాగహారాలు మరిచిపోలేదు. ఆ లెక్క మీ ముందు పెడతాను. తప్పనిపిస్తే ఇక్కడే ఆపి అడగండి.

బండి మనకెందుకు? కిరాయి భరించలేక. డీజిలు 2 రూపాయలు పెరిగిన మరునాడే కిరాయి పెరుగుతుంది. తగ్గినప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు. బండి నడిపే తమ్ముళ్లను నేను తప్పుపట్టడం లేదు, వాళ్ల కిస్తీలు వాళ్లకున్నాయి. కానీ చివరికి ఆ పెంపు ఎవరి మీద పడుతుంది? కొనేవాడు తన ధర తాను చెప్తాడు, కమీషన్, హమాలీ పోను మిగిలినదాంట్లోనుంచి కిరాయి కట్టేది మనమే. ఫ్యాక్టరీవాడు రవాణా ఖర్చును సరుకు ధరలో కలుపుకుంటాడు. మనం ధరలోనుంచి తీసేసుకుంటాం.

ఇక డీజిలు చౌక అన్న మాట మనకు ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. దానికి రెండు వేర్లున్నాయి. ఒకటి ఇంజనులో ఉంది, రెండోది సర్కారు పెట్టిన ధరలో ఉంది.

ఇంజను సంగతి. పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు కలిసిన దాన్ని నొక్కి ప్లగ్గుతో నిప్పు రవ్వ వేస్తారు. డీజిలు ఇంజనులో ప్లగ్గు నిప్పు అక్కర లేదు. గాలిని గట్టిగా నొక్కితే అదే మండేంత వేడెక్కుతుంది, అందులోకి డీజిలు చిమ్ముతారు. పెట్రోలు ఇంజను గాలిని తొమ్మిది, పదింతలకు నొక్కితే డీజిలు ఇంజను పదిహేను, పద్దెనిమిదింతలకు నొక్కుతుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత లాగుడు. పైగా లీటరుకు లీటరు చూస్తే డీజిల్లో పెట్రోలు కంటే పది నుంచి పదిహేను శాతం ఎక్కువ శక్తి ఉంటుంది. అందుకే బరువు మోసే బండికి డీజిలు ఇంజను పెడతారు. పది టన్నుల లారీకి ఇవాళ పెట్రోలు ఇంజను మన దేశంలో ఎవరూ పెట్టరు. ఒకప్పుడు పెట్టారు. మన తాతల కాలంలో తిరిగిన డాడ్జి, షెవర్లే లారీలు చాలావరకు పెట్రోలువే. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ పెట్రోలు కూడా దొరక్క బస్సులను బొగ్గు గ్యాసుతో నడిపారు. 1954లో టాటావాళ్లు బెంజి కంపెనీతో కలిసి డీజిలు లారీలు తయారు చేయడం మొదలుపెట్టాక రోడ్డు రంగు మారింది.

ఒక మాట మధ్యలో చెప్తాను. 1900లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజనును దేనితో నడిపారో తెలుసా? పల్లీ నూనెతో. రైతు పండించిన గింజతో నడిచిన ఇంజనుకు ఇవాళ రైతే బంకు ముందు లైను కట్టి పన్ను కట్టి మరీ నూనె పోస్తున్నాడు.

రెండో వేరు ధర. చాలా ఏళ్లు కేంద్ర ప్రభుత్వం డీజిలు ధరను అదుపులో పెట్టింది. రైతు వాడేది, లారీ వాడేది, బస్సు వాడేది అని. 2010 జూన్‌లో పెట్రోలు మీద అదుపు తీసేశారు, డీజిలు మీద ఉంచారు. దాంతో రెండింటి మధ్య తేడా బాగా పెరిగింది. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిలు 41 రూపాయలు. లీటరుకు 32 రూపాయల తేడా! ఆ రోజుల్లో డీజిలు బండి కొనేవాడు లెక్క వేయాల్సిన అవసరమే లేదు, కళ్లు మూసుకొని కొనొచ్చు. మన పెద్దల మాట ఆ కాలపు మాట. 2013 జనవరి నుంచి నెలకు అర్ధ రూపాయి చొప్పున డీజిలు పెంచుకుంటూ పోయారు. 2014 అక్టోబర్‌లో అదుపు పూర్తిగా ఎత్తేశారు. 2017 జూన్ నుంచి ధర రోజూ మారడం మొదలైంది. 2020 జూన్ నెలాఖరులో ఢిల్లీలో డీజిలు ధర పెట్రోలును దాటిపోయింది కూడా. 2025 చివర్లో హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయల పైన, డీజిలు దాదాపు 96. తేడా 12 రూపాయలకు దగ్గర. ముప్పై రెండెక్కడ, పన్నెండెక్కడ.

ఇప్పుడు మన బండి. ముప్పాతిక టన్ను మోసే చిన్న బండి అనుకుందాం. ఒకే తరగతి బండ్లలో డీజిలుది ఐదున్నర లక్షలు, పెట్రోలుది నాలుగుంపావు లక్షలు పెట్టుకుందాం. షోరూము మారితే అంకె కొంచెం మారుతుంది, లెక్క పద్ధతి మారదు. బరువుతో పోయి ఖాళీగా వచ్చే దారికి సగటున డీజిలు బండి లీటరుకు 18, పెట్రోలు బండి 14 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. డీజిలు లీటరు 96, పెట్రోలు 108. అంటే కిలోమీటరుకు డీజిలు బండికి 5 రూపాయల 33 పైసలు, పెట్రోలు బండికి 7 రూపాయల 71 పైసలు. డీజిలు బండి ప్రతి కిలోమీటరుకు 2 రూపాయల 38 పైసలు మిగులుస్తుంది.

ఇక్కడితో ఆపితే పెద్దలే గెలిచినట్టు. కానీ డీజిలు బండికి ఎక్కువ పెట్టిన లక్షా పాతిక వేలు ఎవరిస్తారు? అప్పు. నూటికి ఏడాదికి 11 వడ్డీతో ఐదేళ్ల కిస్తీ వేస్తే ఆ ఎక్కువ సొమ్ముకే నెలకు 2,700, ఏడాదికి 32,600 రూపాయలు కట్టాలి. డీజిలు బండికి ఆయిలు, ఫిల్టర్లు, రిపేర్లు ఏడాదికి ఇంకో 8,000 ఎక్కువ అనుకుంటే మొత్తం 40,600. దీన్ని 2 రూపాయల 38 పైసలతో భాగించండి. 17,000 కిలోమీటర్లు వస్తుంది. ఏడాదికి బండి 17,000 కిలోమీటర్ల కంటే ఎక్కువ తిరిగితే డీజిలు, తక్కువ తిరిగితే పెట్రోలు. ఆ కిస్తీలు తీరేదాకా లెక్క ఇది. తీరాక డీజిలు వైపు మొగ్గుతుంది, అమ్మేటప్పుడు కూడా మామూలుగా నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతుంది. అది కూడా మనసులో పెట్టుకోండి.

మనం ఎంత తిరుగుతాం? చేవెళ్లనుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోను రాను 80 కిలోమీటర్లు. ఏడాదిలో 300 రోజులు పోతే 24,000. అప్పుడు డీజిలే. అదే మన పక్క ఊరివాళ్లలా 15 కిలోమీటర్ల దూరంలోని మార్కెట్‌కు సీజనులో 150 రోజులు మాత్రమే పోయేవాళ్లకు పోను రాను కలిపి 4,500 కిలోమీటర్లు. వాళ్లకు డీజిలు మీద మిగిలేది 10,700 రూపాయలు, దానికోసం ఎక్కువ పెట్టేది 40,600. వాళ్లు డీజిలు కొంటే అది ఇంటి ముందు నిలబెట్టుకునే గొప్పకే.

అయితే నన్ను అసలు కంగారు పెట్టిన లెక్క వేరే ఉంది. ట్రే లెక్క. 25 కిలోల ట్రేలు చిన్న బండిలో 30 పడతాయి. ఒకటిన్నర టన్ను పికప్‌లో 60 పడతాయి. పికప్ డీజిలుది, 10 లక్షలు, మైలేజి 12 అనుకుందాం. డ్రైవరు జీతం ఏ బండికైనా నెలకు 15,000. రోజుకు ఒక ట్రిప్పు, ఏడాదికి 300. ఇంధనం, కిస్తీ, డ్రైవరు ఈ మూడే కలిపి ఒక్కో ట్రే మీద ఎంత పడుతుందో చూశాను. చిన్న డీజిలు బండిలో ఇంధనం 14, కిస్తీ 16, డ్రైవరు 20, మొత్తం 50 రూపాయలు. చిన్న పెట్రోలు బండిలో 21, 12, 20, మొత్తం 53 రూపాయలు. నిండుగా పోయే పికప్‌లో ఇంధనం 11, కిస్తీ పద్నాలుగున్నర, డ్రైవరు 10. మొత్తం 35, ఇంకో అర్ధ రూపాయి. అదే పికప్ 30 ట్రేలతో సగం ఖాళీగా పోతే? ట్రేకు 70 రూపాయలు దాటుతుంది.

చూశారా? మనం నెల రోజులుగా కొట్లాడుతున్న డీజిలు, పెట్రోలు తేడా ట్రేకు 3 రూపాయలు. బండి నిండిందా లేదా అన్న తేడా 35 రూపాయలు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మన పన్నెండు మందిలో ప్రతి ఒక్కరూ రోజూ 5 ట్రేలు ఇవ్వగలరా అన్నది. వానాకాలం టమాటా, చలికాలం క్యారెట్, గోబీ సరే. ఎండాకాలం బోర్లు ఎండినప్పుడు? ఆ మూడు నెలలు ఆకుకూరలవాళ్లను, పక్క ఊరివాళ్లను కలుపుకోవాలి, లేదంటే పికప్ మన మెడకు గుదిబండ. తిరుగు ప్రయాణం మాట కూడా తేల్చాలి. 40 కిలోమీటర్లు ఖాళీ బండితో రావడమంటే డీజిలు రోడ్డు మీద పారబోసుకుంటూ రావడమే. దాణా, డ్రిప్ పైపులు, ఖాళీ ట్రేలు, పాల కేంద్రానికి కావాల్సిన సామాను ఏది దొరికితే అది వేసుకొని రావాలి.

ఇంకొకటి. పాత డీజిలు బండిని చూసి కొత్త డీజిలు బండి కొనొద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. పొగ తగ్గింది, అది మంచిదే, ఆ పొగ పీల్చేది మన పిల్లలే కదా. కానీ డీజిలు పొగను శుభ్రం చేయడం పెట్రోలు పొగ కంటే కష్టం, ఖర్చు. అందుకే మారుతివాళ్లు సూపర్ క్యారీ చిన్న బండిని డీజిలుతో మొదలుపెట్టి, 2020 నుంచి డీజిలు ఆపేసి పెట్రోలు, సీఎన్‌జీలోనే ఉంచారు. పాత ఇంజనును మన మెకానిక్ పానా పట్టుకొని చెట్టు కింద విప్పేవాడు. కొత్తదానికి కంప్యూటరు పెట్టి చూస్తే గానీ జబ్బు ఏమిటో తెలియదు. డీజిలును వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో చిమ్ముతారు. డబ్బాలో నిలవ ఉంచి, నీటి చుక్క కలిసిన డీజిలు పోశామో, ఇంజెక్టర్లు పోతాయి. మోటరుకు, ట్రాక్టరుకు పోసినట్టు దీనికి పోయడం కుదరదు.

పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ లాంటిది ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. బండి రోడ్డు మీద కొంతసేపు ఆగకుండా వేగంగా పోతే ఆ వేడికి మసి కాలిపోయి జల్లెడ శుభ్రమవుతుంది. మా దగ్గర ఒక తమ్ముడి బండి పాల కేంద్రానికి, ఊరికి మధ్య ఆరు కిలోమీటర్లే తిరిగేది. ఇంజను వేడెక్కేలోపే ఆగేది. జల్లెడ పూడుకుపోయి మీటరు మీద లైటు వెలిగింది, బండి లాగడం మానేసింది. అతను లైటును పట్టించుకోలేదు, బండి ఇచ్చేటప్పుడు ఎవరూ దాని గురించి చెప్పనూ లేదు. దగ్గరి తిరుగుడుకు డీజిలు వద్దనడానికి కిస్తీ ఒకటే కారణం కాదు, ఇది కూడా ఉంది.

కొన్ని పెద్ద బండ్లకు యూరియా నీళ్లు కూడా పోయాలి. శుద్ధి చేసిన నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం అది. నవ్వకండి, పొలానికి తెచ్చిన బస్తా విప్పి కలిపి పోసేవాళ్లు ఉన్నారు. మన యూరియాకు వేప నూనె పూత ఉంటుంది, అది పోస్తే ఆ యంత్రం పాడవుతుంది. పైగా యూరియా కోసం మనమే లైనులో నిలబడుతుంటే అది బండి ట్యాంకులోకి పోవడమేమిటి? కొనే ముందు ఈ బండికి ఆ ద్రావణం కావాలా, జల్లెడ ఉందా, ఎన్ని కిలోమీటర్లకు ఆయిలు మార్చాలి అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

పెట్రోలు మాత్రం కడిగిన ముత్యమేమీ కాదు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. దానికోసం సరిచేయని పాత నాలుగు చక్రాల బండ్లలో మైలేజి 6, 7 శాతం పడిపోవచ్చని నీతి ఆయోగ్ కాగితాల్లోనే ఉంది. సెకండ్ హ్యాండ్ పెట్రోలు బండి చూస్తున్నవాళ్లు జాగ్రత్త. ఇథనాల్‌కు మక్కలు, నూకలు పోతాయి గనక మక్క రైతుకు గిరాకీ పెరిగిన మాట నిజం. ఫ్యాక్టరీ వచ్చే ఊరివాళ్ల గోడు వేరు, 2024 నవంబర్‌లో దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కింది అందుకే. దాని మీద ఇంకోసారి మాట్లాడుకుందాం. బరువు ఎక్కువ వేస్తే కూడా పెట్రోలు చిన్న బండి మైలేజి బాగా పడిపోతుంది. ముప్పాతిక టన్ను బండిలో టన్నుంపావు వేసే అలవాటు మనకుంది కదా, అది మానకపోతే నేను చెప్పిన 14 రాదు. వికారాబాద్ వైపు అనంతగిరి ఎక్కి దిగే రైతులకు కూడా నేను పెట్రోలు చెప్పను.

సీఎన్‌జీ మీ దారిలోనే దొరికితే ఆలోచించొచ్చు. గ్యాసు కోసం పది కిలోమీటర్లు పక్కకు పోయి లైనులో గంట నిలబడాల్సి వస్తే తెల్లవారుజాము మార్కెట్ తప్పిపోతుంది. సిలిండర్ల బరువుకు మోసే సరుకు కూడా కొంత తగ్గుతుంది.

ఇప్పుడు ఏ ఇంజను కొన్నా తప్పనిది చెప్తాను. పన్ను. 2014లో డీజిలు లీటరు మీద కేంద్ర ఎక్సైజు 3 రూపాయల 56 పైసలు. 2020లో కరోనా వచ్చి ప్రపంచంలో ముడి చమురు ధర కుప్పకూలితే ఆ లాభం మనదాకా రానివ్వకుండా మే నెలలో ఒక్కసారే 13 రూపాయలు పెంచి 31 రూపాయల 83 పైసలు చేశారు. మనం తోటల్లో టమాటా పారబోసిన రోజులవి. తర్వాత 2021, 2022లో తగ్గించారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ 2 రూపాయలు పెంచారు. 2025 చివర్లో అది 17 రూపాయల 80 పైసలు. అందులో వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు అని 2021 బడ్జెట్‌లో పెట్టింది డీజిలు మీద 4 రూపాయలు, పెట్రోలు మీద రెండున్నర. పేరు వ్యవసాయానిది, ఎక్కువ వసూలు వ్యవసాయం వాడే డీజిలు మీద. వేరే సుంకం అంతే తగ్గించాం కదా అన్నారు, నిజమే, ఆ రోజు ధర పెరగలేదు. కానీ సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు. దీనిపైన తెలంగాణ వ్యాట్ డీజిలు మీద 27 శాతం, పెట్రోలు మీద 35.2 శాతం. ఆంధ్రలో శాతం తక్కువే గానీ లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి.

2025 చివరి లెక్కన మన దగ్గర రెండూ కలిపితే డీజిలు లీటరుకు దాదాపు 38 రూపాయల పన్ను. మన చిన్న డీజిలు బండి ఏడాదికి 1,333 లీటర్లు తాగుతుంది. అంటే 50,000 రూపాయలు పన్ను. పెట్రోలు బండి అయితే లీటరుకు దాదాపు 50 రూపాయల చొప్పున 85,000 పన్ను. డీజిలు, పెట్రోలు బండ్ల మధ్య కిస్తీ తేడా ఏడాదికి 32,600 అన్నాను కదా, పక్కన పెట్టి చూసుకోండి. సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గించి పండగ చేసుకోమన్నారు. బండి ఒకసారి కొంటాం. డీజిలు రోజూ పోస్తాం. అది జీఎస్టీలోకే రాలేదు.

రైతు వాడే డీజిలుకు పన్ను తగ్గించమనడం గొంతెమ్మ కోరిక కాదు. ఆంధ్రలో సముద్రం మీద వేటకు పోయే బోట్లకు లీటరుకు 9 రూపాయల సబ్సిడీ ఇచ్చారు. కర్ణాటకలో రైతు శక్తి పేరుతో ఎకరాకు 250 రూపాయల చొప్పున ఐదెకరాల దాకా డీజిలు సాయం పెట్టారు. బ్రిటన్‌లో పొలం పనికి వాడే డీజిలుకు ఎర్ర రంగు కలిపి తక్కువ పన్నుతో అమ్ముతారు. 2024 జనవరిలో ఫ్రాన్స్ రైతులు ట్రాక్టర్లతో రోడ్లు మూసేస్తే వ్యవసాయ డీజిలు మీద పన్ను పెంపును అక్కడి ప్రధాని వెనక్కి తీసుకున్నాడు. మన సంఘం అడిగేది రెండు. పట్టాదారు పాసుపుస్తకం ఆధారంగా ఎకరాకు ఇన్ని లీటర్లని పన్ను వాపసు ఇవ్వాలి, కౌలు రైతును దాంట్లో వదిలేయొద్దు. రైతులు ఉమ్మడిగా కొన్న సరుకు బండిని కూడా దాంట్లో చేర్చాలి. ట్రాక్టరుతో దున్నింది వ్యవసాయమైతే, పండింది మార్కెట్‌కు చేర్చడం వ్యవసాయం కాకుండా ఎట్లా పోతుంది?

నా సలహా ఇది. పన్నెండు మందీ రోజూ 60 ట్రేలు నింపగలమని లెక్క తేలితే డీజిలు పికప్ ఒకటి కొనండి. తేలకపోతే చిన్న డీజిలు బండితో మొదలుపెట్టండి. దగ్గరి మార్కెట్‌కే పోయే పక్క ఊరి అన్నలు పెట్రోలు చిన్న బండి తీసుకోండి, మొహమాటం వద్దు.

డ్రైవరు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. 7,500 కిలోల లోపు సరుకు బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి మన పిల్లల్లో లైసెన్సు ఉన్నవాళ్లు నడపొచ్చు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ అక్కర లేదు. పికప్ తీసుకుంటే దాని కాగితంలో మొత్తం బరువు ఎంతుందో చూసుకోండి, దాటితే పర్మిట్ ఖర్చు కలుపుకోవాలి. బండి ఎవరి పేరు మీద ఉండాలన్నది ఇంకా తేలలేదు. ఇన్సూరెన్సు, అప్పు రెండూ ఆ పేరు మీదే వస్తాయి.

వచ్చే ఆదివారం ఇక్కడే కూర్చుందాం. అందరూ పోయిన సంవత్సరం కాటా చీటీలు తీసుకురండి, నెలనెలా ఎన్ని ట్రేలు పంపారో వాటిలోనుంచి రాసుకుందాం. చీటీలు పారేసినవాళ్లు కమీషన్ ఏజెంటు దగ్గర పుస్తకం చూసి రాయించుకోండి. ఏప్రిల్, మే నెలల లెక్క మాత్రం తప్పకుండా కావాలి.